ఏ జబ్బు మీద ముందు పరిశోధన జరగాలి?



మీవారిని లోపల పడుకోబెట్టి, మీరు వార్డు బయట వరండాలో ఎదురుచూస్తున్నారు. ఇలాంటి పుస్తకాలలో చక్కెర జబ్బు గురించి, రక్తపోటు గురించి, పసిపిల్లల విరేచనాల గురించి మీరు చదివే ఉంటారు. ఈ పాఠం ఏదో ఒక జబ్బు గురించి కాదు. ఏ జబ్బుకు మందు కనిపెట్టాలి, దేని కారణం వెదకాలి, దేనికి ముందు డబ్బు పెట్టాలి అనేది ఎలా తేలుతుందో, అందులో మీ పాత్ర ఏమిటో చెప్పే పాఠం.

ఆసుపత్రిలో చేరగానే మేము మిమ్మల్ని చాలా ప్రశ్నలు అడుగుతాము. ఏ ఊరు? తాగేది బావి నీళ్ళా, బోరు నీళ్ళా? ఎన్నాళ్ళ నుంచి పనికి పోలేదు? ఇంతకుముందు ఎక్కడ చూపించారు, ఎంత ఖర్చయింది? ఉదయగిరి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఒకసారి నా మీద విసుక్కున్నారు. "ఏంది సిస్టరమ్మా, మేము వైద్యానికొచ్చామా, జనాభా లెక్కలకొచ్చామా?" అన్నారు. ఆయన అడిగిన దాంట్లో తప్పు లేదు. ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పే ప్రయత్నం చేస్తాను.

ఇంట్లో మీరు వేసే లెక్కే

మన మెట్ట ప్రాంతంలో ఇల్లు గడపడం అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. శనక్కాయలు అమ్మిన డబ్బు చేతికి వస్తుంది. బోరు మోటారు బాగు చేయించాలి. అమ్మాయికి కాలేజీ ఫీజు కట్టాలి. నాయనకు కంటి ఆపరేషను చేయించాలి. మూడూ అవసరమే, కానీ డబ్బు రెండింటికే వస్తుంది. అప్పుడు ఇంట్లో అందరూ కూర్చొని ఆలోచిస్తారు. ఏది ఆగగలదు? ఏది ఆగితే నష్టం ఎక్కువ? ఒకదానికి పెట్టిన రూపాయి ఇంకొకదానికి మిగలదు గదా.

వైద్య పరిశోధనకు ఉన్న డబ్బు కూడా అలాంటిదే. ప్రభుత్వం ఇచ్చినా, దాతలు ఇచ్చినా దానికి ఒక హద్దు ఉంటుంది. ఉన్న డబ్బుతో ఎక్కువమంది బాధను ఎక్కువగా తగ్గించే దారి ఏది అని లెక్క కట్టే శాస్త్రాన్ని ఆరోగ్య ఆర్థికశాస్త్రం అంటారు. పేరు పెద్దదే గానీ, అది వేసే లెక్క మీరు ఇంట్లో వేసేదే.

ఈ లెక్క వేయకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ చూడండి. ఆరోగ్య పరిశోధన గురించి ఏర్పడిన ఒక అంతర్జాతీయ కమిషన్ 1990లో నివేదిక ఇచ్చింది. నివారించగలిగిన అకాల మరణాల భారంలో 93 శాతం పేద దేశాలదే. అయితే 1986లో ప్రపంచమంతటా ఆరోగ్య పరిశోధనకు ఖర్చయిన సొమ్ములో ఆ దేశాల సమస్యల కోసం వాడింది సుమారు 5 శాతమేనని అందులో తేల్చారు. జబ్బు ఒక చోట, పరిశోధన ఇంకొక చోట అన్నమాట. మందు కొనగలిగినవారి జబ్బుల వెంట కంపెనీలు పరుగెడతాయి. కూలి చేసుకొని బతికేవారి జబ్బుల వెంట ఎవరైనా వెళ్ళాలంటే ముందు ఎవరో ఒకరు కూర్చొని లెక్క చూపించాలి.

మద్రాసులో అడిగిన ఒక మంచి ప్రశ్న

సరైన ప్రశ్నను ఎంచుకొని పరిశోధిస్తే ఎంత మేలు జరుగుతుందో మన పక్కనే ఉన్న మద్రాసు కథ చెబుతుంది.

ఒకప్పుడు క్షయ వస్తే శానిటోరియంలో నెలల తరబడి ఉండాల్సిందే. మంచి గాలి, మంచి తిండి, పూర్తి విశ్రాంతి కావాలని డాక్టర్లు చెప్పేవారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మిషనులు కలిసి స్థాపించిన శానిటోరియం అందుకు పేరుపొందింది. కానీ దేశంలో లక్షలాది క్షయ రోగులుంటే మంచాలు వేలల్లోనే ఉండేవి. మంచం దొరకనివారి గతి ఏమిటి?

1956లో మద్రాసులో భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం కలిసి ఒక కేంద్రం పెట్టి ఈ ప్రశ్ననే తీసుకున్నాయి. నగరంలోని పేద రోగులను 193 మందిని తీసుకొని, ఎవరు ఏ వైపు వెళ్ళాలో చీటీలు వేసినట్టుగా రెండు భాగాలు చేశారు. ఒక భాగం శానిటోరియంలో ఉంది. రెండో భాగం ఇరుకు ఇళ్ళలోనే ఉండి, దొరికిన తిండే తింటూ, అవే మందులు ఒక సంవత్సరం వాడింది. 1959లో ఫలితాలు ప్రకటించారు. ఇంటి దగ్గర మందు వాడినవారికి కూడా దాదాపు శానిటోరియంలో ఉన్నవారికి తగ్గినంతగా తగ్గింది. ఇంట్లోవారికి జబ్బు అంటుకోవడం కూడా పెరగలేదు.

ఆలోచించండి. ఇందులో కొత్త మందు ఏదీ కనిపెట్టలేదు. "ఉన్న మందును మంచం లేకుండా ఇవ్వవచ్చా?" అన్న ఒక్క ప్రశ్నకు జవాబు దొరికింది. ఈ రోజు మీ ఊరి ఆరోగ్య కేంద్రం నుంచి క్షయ మాత్రలు తెచ్చుకొని ఇంటి దగ్గరే వాడుకుంటున్న ప్రతి ఒక్కరూ ఆ పరిశోధన ఫలం అనుభవిస్తున్నవారే. ఆ కేంద్రం ఇప్పుడు చెన్నైలో జాతీయ క్షయ పరిశోధన సంస్థగా పని చేస్తోంది.

బాధను కొలవడం ఎలా?

రెండు జబ్బులను పోల్చాలంటే ఒక కొలత కావాలి. బియ్యాన్ని కిలోల్లో, పాలను లీటర్లలో కొలుస్తాము. జబ్బు భారాన్ని దేనితో కొలవాలి? చనిపోయినవారిని మాత్రమే లెక్కపెడితే, మంచాన పడి బతుకుతున్నవారు లెక్కలోకి రారు. అందుకని ప్రపంచ బ్యాంకు 1993లో ప్రకటించిన నివేదికలో "డాలీ" అనే కొలతను వాడారు. ఒక డాలీ అంటే ఒక ఆరోగ్యవంతమైన సంవత్సరం పోయిందని అర్థం.

లెక్క తెలియడం కోసం రెండు ఊహా ఉదాహరణలు చెబుతాను. మనిషి 70 ఏళ్ళు బతకాలని అనుకుందాము. 30 ఏళ్ళ రైతు పాము కరిచి చనిపోతే 40 ఏళ్ళు పోయినట్టు. అంటే 40 డాలీలు. ఇంకొక తల్లికి 40 ఏళ్ళకే ఎముకలు బిగుసుకుపోయి నడుము వంగింది. ఆమె ఇంకా 30 ఏళ్ళు బతుకుతుంది గానీ, ప్రతి సంవత్సరంలోనూ మూడో వంతు ఆరోగ్యం పోయిందనుకుందాము. అంటే 10 డాలీలు. ఒక ఊరిలో అలాంటి తల్లులు నలుగురుంటే ఆ రైతు మరణానికి సమానమైన భారం ఆ ఊరి మీద ఉన్నట్టే. బయటివారికి అది కనపడదు, ఎందుకంటే ఆ తల్లులు ఇంట్లోనే ఉంటారు.

ఇలా కొలిచిన తరువాత పరిశోధనకు డబ్బు ఇచ్చేవారు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

1. ఈ జబ్బు భారం ఎంత?
2. ఇది ఇంకా ఎందుకు తగ్గలేదు? మందు లేకనా, ఉన్న మందు అందకనా, కారణమే తెలియకనా?
3. ఇప్పటికే మనకు తెలిసినది ఎంత?
4. ఇంకా తెలుసుకోవడానికి ఎంత ఖర్చవుతుంది, తెలిస్తే ఎంత బాధ తగ్గుతుంది?

మొదటి ప్రశ్నకే తప్పు జవాబు వస్తే మిగిలిన మూడూ తప్పుతాయి. అదెలా తప్పుతుందో నా అనుభవమే చెబుతాను.

లెక్కలోకి రాని మరణం

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, వానాకాలంలో ఒక రాత్రి, ఆటోలో ఒక మనిషిని తెచ్చారు. చేలో రక్తపింజరి కరిచింది. ముందు మంత్రం వేయించారు, తరువాత పసరు కట్టించారు, ఆ తరువాత బండి దొరకలేదు. మా దగ్గరికి వచ్చేసరికి ప్రాణం లేదు. ఆయన భార్య చంకలో బిడ్డ ఉంది. ఆమె నన్నేమీ అడగలేదు. శవాన్ని అదే ఆటోలో తీసుకొని వెళ్ళిపోయారు. వార్డులో చేరలేదు గనుక నేను రిజిస్టరులో ఆయన పేరు రాయలేదు. అప్పట్లో నాకు అది తప్పని తోచలేదు.

కొన్నేళ్ళకు ఎవరో పాత రిజిస్టర్లు చూడడానికి వచ్చారు. ఆ సంవత్సరం పాము కాటు మరణాలు ఎన్ని అని చూస్తే, రిజిస్టరులో ఉన్నది సున్నా. ఆ సున్నా నేను రాసినదే. ఆ బిడ్డ తండ్రి ఏ లెక్కలోనూ లేడు.

ఇలా జరిగింది మా ఒక్క చోటనే కాదు. మన దేశంలో పాము కాటు మరణాలు ఆసుపత్రుల లెక్కల్లో చాలా తక్కువగా కనిపించేవి. అప్పుడు పరిశోధకులు పద్ధతి మార్చారు. లక్షల ఇళ్ళకు వెళ్ళి, చనిపోయినవారి కుటుంబాలను అడిగి, వారు చెప్పినదాన్ని బట్టి డాక్టర్ల చేత మరణకారణం తేల్చారు. ఆ సర్వేను బట్టి 2011లో వచ్చిన అంచనా ప్రకారం దేశంలో ఏడాదికి సుమారు 45,900 మంది పాము కాటుతో చనిపోతున్నారు. ఆసుపత్రుల ద్వారా ప్రభుత్వానికి చేరిన సంఖ్య కంటే అది 30 రెట్లకు పైనే. చనిపోయినవారిలో ఆసుపత్రిలో కన్నుమూసినవారు 23 శాతమే. 2020లో వచ్చిన మరో అంచనా ప్రకారం 2000 నుంచి 2019 వరకు 20 ఏళ్ళలో సుమారు 12 లక్షల మంది పోయారు. ఎక్కువ మరణాలు జరిగిన రాష్ట్రాలలో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఆ సంఖ్య బయటికి రావడంతో కదలిక మొదలైంది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాము కాటును నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది. 2024 మార్చిలో మన కేంద్ర ప్రభుత్వం 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. అదే సంవత్సరం నవంబరులో, ప్రతి కాటునూ, ప్రతి మరణాన్నీ తప్పనిసరిగా నమోదు చేసేలా చూడమని రాష్ట్రాలను కోరింది. ఇదంతా జరగడానికి ఆధారం ఏమిటి? ఇంటికి వచ్చినవారికి కుటుంబాలు ఓపికగా చెప్పిన మాట.

మన జిల్లా నీళ్ళు

ఇప్పుడు మన సొంత జబ్బు సంగతికి వద్దాము. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు, నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి ఒక వైద్య పత్రికలో రాశారు. నడుము, మెడ బిగుసుకుపోయిన పల్లె ప్రజల జబ్బుకు కారణం తాగే నీళ్ళలోని ఫ్లోరైడ్ అని తేల్చారు. మన దేశంలో మనుషుల్లో ఈ ఎముకల జబ్బును గుర్తించిన తొలి నివేదిక అదే. దర్శి, పొదిలి, కనిగిరి కూడా అప్పటికి నెల్లూరు జిల్లాలోనివే. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అవి విడిపోయాయి. ఆ ముగ్గురిలో పండిట్ గారు తరువాత భారత వైద్య పరిశోధన మండలికి మొదటి అధిపతి అయ్యారు.

అంటే ఈ జబ్బు కారణం మనకు తెలిసి దాదాపు 90 ఏళ్ళు అవుతోంది. 1970 దశకంలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు ఫ్లోరైడ్ ఊళ్ళలో పిల్లల మోకాళ్ళు లోపలికి వంగిపోవడాన్ని పరిశీలించారు. అదే కాలంలో నాగపూరులోని జాతీయ సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని తయారు చేసింది. దానికి నల్గొండ పద్ధతి అని పేరు. కేంద్ర ప్రభుత్వం 2008-09లో ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ముందుగా తీసుకున్న కొద్ది జిల్లాలలో నెల్లూరు ఒకటి. లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాముకు మించకూడదని, వేరే నీళ్ళు దొరకకపోతే 1.5 వరకు మాత్రమే ఒప్పుకోవచ్చని మన దేశ ప్రమాణం చెబుతోంది.

ఇన్ని తెలిసినా, వంగిన నడుములు మా వార్డుకు ఇంకా వస్తూనే ఉన్నాయి. గనుక ఇక్కడ రెండో ప్రశ్న వేసుకోవాలి. ఎందుకు తగ్గలేదు?

మీ చేతికే ఒక కోటి రూపాయలు ఇచ్చి, ఫ్లోరోసిస్ మీద పరిశోధనకు వాడమన్నారనుకోండి. మీ ముందుకు ముగ్గురు వచ్చారు. మొదటివారు, "బిగుసుకున్న ఎముకలను మళ్ళీ మామూలుగా చేసే మందు వెదుకుతాము" అన్నారు. రెండోవారు, "ఈ జబ్బుకు ఫ్లోరైడే కారణమని ఇంకొకసారి రుజువు చేస్తాము" అన్నారు. మూడోవారు, "ఊళ్ళో పెట్టిన నీటిశుద్ధి ప్లాంటు ఎందుకు మూతపడుతుంది, ఎవరు ఎలా నడిపితే నిలుస్తుంది, ఆ నీళ్ళు ఇంటిల్లిపాదీ వంటకు కూడా వాడేలా చేయడం ఎలా అన్నది పది ఊళ్ళలో పరీక్షిస్తాము" అన్నారు.

మొదటిది దొరికితే గొప్పదే. కానీ ఎముకల్లో ముదిరిన ఫ్లోరోసిస్‌ను పూర్తిగా నయం చేసే మందు ఇప్పటివరకు లేదు, కోటి రూపాయలతో అది దొరుకుతుందన్న ఆశ తక్కువ. రెండోది తెలిసిన సంగతే. మూడోదానికి పేరు రాదు, కానీ దానికి జవాబు దొరికితే ఈ రోజు పుట్టిన బిడ్డ నడుము నిలుస్తుంది. నన్ను అడిగితే నేను మూడోవారికే ఇస్తాను. మద్రాసు క్షయ పరిశోధన కూడా ఈ జాతిదే. తెలిసినదాన్ని మనుషుల దాకా చేర్చడం ఎలాగో వెదకడం కూడా పరిశోధనే.

అయితే అన్ని జబ్బులకూ ఇదే జవాబు కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎంతోమంది మూత్రపిండాలు పాడయ్యాయి. అక్కడ అసలు కారణం ఇంకా తేలలేదు. డయాలసిస్ కోసం ఏటేటా ఖర్చు పెరుగుతూ ఉంటుంది. అక్కడ కారణం వెదికే పరిశోధనకే ముందు డబ్బు పెట్టాలి. కారణం తెలిస్తే రాబోయే తరం డయాలసిస్ దాకా రాకుండా ఆపవచ్చు. జబ్బును బట్టి ప్రశ్న మారుతుంది.

ఈ లెక్కలోని లోపాలు

లెక్క మంచిదే గానీ దానికీ లోపాలున్నాయి. జబ్బు వలన పోయిన కూలిని మాత్రమే నష్టంగా చూస్తే, కూలికి పోని ముసలమ్మ నొప్పి విలువ సున్నా అవుతుంది. వంట చేసి, గేదెను చూసుకొని, మనుమలను పెంచే తల్లి పనికి ఎవరూ జీతం రాయరు. డాలీ లెక్కలో కూలివాని సంవత్సరమూ, ధనవంతుని సంవత్సరమూ సమానమే. అది మంచి సంగతి. కానీ కొద్దిమందికే వచ్చే జబ్బులు ఈ లెక్కలో వెనకబడిపోతాయి. ఒక్క బిడ్డకు వచ్చినా, ఆ తల్లికి అది నూటికి నూరు శాతమే గదా. అందుచేత లెక్క తేలిన తరువాత కూడా మనుషులు కూర్చొని, న్యాయం ఏమిటో ఆలోచించాలి. ఆ ఆలోచనలో జబ్బు పడినవారి మాట, వారిని చూసుకునేవారి మాట కూడా ఉండాలి.

మీరు చేయగలిగిన పనులు

1. మేము అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ముందు నాటు వైద్యం చేయించి ఉంటే అదీ చెప్పండి. ఎవరూ తిట్టకూడదు. తిడితే ఆ తప్పు మాది.

2. ఖర్చు లెక్క రాసిపెట్టుకోండి. మందుల బిల్లే కాదు, బస్సు చార్జీ, తోడు వచ్చినవారి పోయిన కూలి, తెచ్చిన అప్పు, దాని వడ్డీ కూడా రాయండి. అవి ఆసుపత్రి కాగితాల్లో ఉండవు. మీరు చెబితేనే తెలుస్తాయి.

3. ఇంట్లో ఎవరైనా చనిపోతే 21 రోజుల లోపల మరణాన్ని నమోదు చేయించండి. కారణం తెలిస్తే స్పష్టంగా చెప్పండి. "కడుపు నొప్పితో పోయాడు" అనడానికీ, "పురుగుమందు తాగి పోయాడు" అనడానికీ చాలా తేడా ఉంది. సిగ్గుతో దాచిన కారణం వలన తరువాతి బిడ్డకు సాయం అందదు.

4. పాము కరిస్తే కోయవద్దు, తాడుతో బిగించవద్దు. కదలకుండా ఉంచి, 108కి ఫోను చేసి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. దారిలో ప్రాణం పోయినా మరణం నమోదయ్యేలా చూడండి.

5. మీ ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతుందో పంచాయతీలో అడగండి. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు.

6. ఎవరైనా మిమ్మల్ని పరిశోధనలో చేరమంటే ఈ ప్రశ్నలు అడగండి. ఇది ఎందుకు చేస్తున్నారు? దీనివల్ల మా ఊరికి ఏమి మేలు? ప్రమాదం ఏమైనా ఉందా? నైతిక సంఘం అనుమతి ఉందా? ఫలితం మాకు చెబుతారా? చేరడం, చేరకపోవడం మీ ఇష్టం. మధ్యలో మానుకోవచ్చు. మానుకున్నా మీకు అందాల్సిన వైద్యం ఆగకూడదు. అర్థం కాకుండా సంతకం గానీ వేలిముద్ర గానీ వేయవద్దు.

గుర్తుంచుకోండి

పరిశోధనకు డబ్బు కొద్దిగానే ఉంటుంది. లెక్కలో కనిపించిన జబ్బు వైపే అది నడుస్తుంది. మన మెట్ట ఊళ్ళ బాధ ఆ లెక్కలో కనిపించాలంటే, అది మీ నోటి నుంచి రావాలి, మా కలం నుంచి రిజిస్టరులోకి ఎక్కాలి. ఇద్దరిలో ఎవరు మానేసినా అక్కడ సున్నా పడుతుంది.

ఆ రాత్రి తరువాత, దారిలో ప్రాణం పోయి వచ్చినవారి పేరు కూడా నేను రాస్తున్నాను. ఊరు, వయస్సు, ఏమి జరిగింది, ఎంతసేపటికి వచ్చారు, అన్నీ రాస్తాను. గనుక ఈసారి మేము కాగితం పట్టుకొని మీ దగ్గర కూర్చున్నప్పుడు, దయచేసి ఒక పది నిమిషాలు ఓపిక పట్టండి. ఆ పెద్దాయన మళ్ళీ వస్తే ఆయనకూ ఇదే చెబుతాను: "అవును పెద్దాయనా, వైద్యానికే వచ్చారు. ఈ లెక్క కూడా వైద్యంలో భాగమే."

ఆలోచించి చెప్పుకోండి

1. మీ ఊరిలో ఎక్కువమందిని బాధపెడుతున్నా ఎవరూ పట్టించుకోని జబ్బు ఏది?
2. దానికి మందు లేదా, లేక ఉన్న మందు మీ దాకా రావడం లేదా?
3. దాని గురించి ఒక్క ప్రశ్నకే జవాబు దొరుకుతుందంటే, మీరు ఏ ప్రశ్న అడుగుతారు?

మీ జవాబులు వార్డులో ఉన్న సిస్టరుకు చెప్పండి. మేము రాసుకుంటాము.